మొక్కజొన్నకు నత్రజని: నేలలోని సూక్ష్మజీవుల సాయము



నేటి నా ప్రసంగవిషయము మొక్కజొన్నకు వేయు యూరియా. ఎకరమునకు నాలుగు బస్తాలు వేయుచున్న చోట మూడు బస్తాలతో సరిపెట్టి, పంట తగ్గకుండ చూచుకొనుట సాధ్యమా యన్నది ప్రశ్న. సాధ్యమేయని చెప్పి సూక్ష్మజీవుల పొట్లములు అమ్మువారు నేడు అన్ని సంతలలోను కనబడుచున్నారు. అదంతయు వట్టి మోసమని కొట్టివేయువారును ఉన్నారు. ఈ రెండు మాటలలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుకొనుట మీవంటి పెద్దలకు అవసరము. ఏలయన ఊరిలో పదిమంది రైతులు ఏ సరుకు కొనవలెనో, ఏ సరుకు మానవలెనో మీ అరుగుమీద కూర్చుండియే నిశ్చయించుకొందురు.

ఈ అవసరము తొందరపెట్టు అవసరము కూడ. 2025 ఖరీఫులో తెలంగాణ జిల్లాలలో యూరియా కొరకు రైతులు తెల్లవారక మునుపే సహకార సంఘముల వాకిళ్లముందు బారులు తీరవలసివచ్చెను. తమకు బదులుగా చెప్పులను వరుసలో నుంచి, చెట్టునీడను కూర్చున్నవారి బొమ్మలు పత్రికలలో పడినవి. బస్తా దొరకలేదని పైరు తన యెదుగుదలను నిలిపివేసి మనకొరకు కాచుకొనియుండదు. మోకాలెత్తున ఉన్నప్పుడు అడిగిన తిండిని జల్లు విచ్చిన పిమ్మట పెట్టినచో దానివలన గింజ నిండదు.

మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో దేశము. అచ్చటి ప్రజలు వేల సంవత్సరములు సాకి పెంచిన గడ్డిజాతి యది. మన జొన్నవలె కొద్ది సారముతో తృప్తిపడు పైరు కాదు. నేటి సంకరజాతులకు ఆకలి మరింత ఎక్కువ. గుంటూరు, కృష్ణా ప్రాంతములలో వరి కోసిన మాగాణియందు దున్నకయే గింజ నాటి పెంచు రబీ మొక్కజొన్నకు ఎకరమునకు 80 కిలోల నత్రజని యన్నది పెద్ద లెక్క కానేకాదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తాలో 20 కిలోలకు కొంచెము పైగా ఉండును. కాబట్టి 80 కిలోలనగా ఇంచుమించు నాలుగు బస్తాలు. అందులో కొంత డి.ఏ.పి. రూపమున పోయినను మొత్తపు లెక్క మారదు.

ఆ నాలుగు బస్తాలును పైరే తినుచున్నదని యనుకొందుమేమో, అట్లు కాదు. ప్రపంచమందలి ధాన్యపు పైరుల లెక్క చూచినచో, వేసిన నత్రజనిలో మూడవ వంతు మొదలు సగము వరకు మాత్రమే పైరునకు చేరుచున్నది. మిగిలినదంతయు మూడు దారులను పోవుచున్నది. యూరియాను నేలపైననే చల్లి వదలినచో అది అమోనియాగా మారి గాలిలో కలియును; ఎండపూట పొలములో ముక్కునకు తగులు ఘాటు అదియే. నేలలోని కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రేటుగా మార్చును. నైట్రేటు నీటిలో ఇట్టే కరగును గనుక పెద్దవాన పడినప్పుడు వేళ్లకు అందని లోతునకు దిగి, కడకు మన బావులలో చేరును. త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మనదేశపు ప్రమాణము. మించినచో చంటిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి సన్నగిల్లును. ఇక నీరు నిలిచిన మడిలో మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేటును మరల వాయువుగా మార్చి ఆకాశమునకు పంపివేయును. ఆ వాయువులలో ఒకటి భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసుగాలికి 270 రెట్లు శక్తి కలది. కొన్న సరుకులో సగమునకు పైగా ఇట్లు చేజారుచున్నదని తెలిసినప్పుడు, మరియొక బస్తా కొరకు బారులో నిలుచుటకంటె ముందుగా ఆలోచింపవలసినదేదో ఉన్నదని తోచక మానదు.

విచిత్రమేమనగా నత్రజనికి లోకమున కరవే లేదు. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. మీ ఎకరము నేలమీద ఆకాశమువరకు నిలిచియున్న గాలిలో 30 వేల టన్నులకు పైగా నత్రజని కలదు. అయినను పైరు ఆ గాలిలో మునిగియుండియే ఆకలితో పసుపుబారును. కారణమేమనగా, గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున జంటలై, మూడు ముళ్ల బంధముతో బిగిసియుండును. ఆ ముడి విప్పుట ఏ మొక్కకును చేతకాదు. మెరుపు మెరసినప్పుడు కొంత విడివడి వానతో నేలకు దిగును గాని, అది పైరు ఆకలికి ఏ మూలకును చాలదు. 1909లో ఫ్రిట్జ్ హేబరు అను జర్మను శాస్త్రజ్ఞుడు గొప్ప ఒత్తిడిచేతను, వేడిచేతను ఆ ముడిని విప్పి, నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేసి చూపెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారపు పనిగా మార్చగా 1913లో ఓపావు అను చోట మొదటి కర్మాగారము పనిచేయ నారంభించెను. నేటి యూరియాకు మూలమదియే. వందల కొలది డిగ్రీల వేడియు, వాతావరణపు ఒత్తిడికి వంద రెట్లకు పైబడిన ఒత్తిడియు, దానికి తోడు సహజవాయువును కావలెను. మన కర్మాగారములలో మండు ఆ వాయువులో మంచి భాగము ఓడలమీద విదేశములనుండి వచ్చునదే. కాబట్టి ఎచ్చటనో సముద్రముల కావల యుద్ధము వచ్చినచో మన ఊరి సంఘములో బస్తా కరవగును.

ఇంత అట్టహాసముతో కర్మాగారము చేయు పనిని కంటికి కనబడని ప్రాణులు చప్పుడు లేకుండ, చల్లని మట్టిలో చేయుచున్నవి. ఈ సంగతిని మొదట రుజువు చేసినవాడు హెల్‌రీగెల్ అను జర్మను పండితుడు. ఆయన ఇసుకకుండలలో బఠాణీని, ఓట్సు అను ధాన్యమును పెంచెను. ఓట్సు తనకు వేసిన నత్రజని కొలతకు సరిగా పెరిగెను. బఠాణీ ఆ కొలతను లక్ష్యపెట్టలేదు. అయితే ఇసుకను బాగుగా కాల్చి పోసినచో బఠాణీ కూడ కుంగిపోయెను. మామూలు మట్టి కలిపిన నీటిని కొంచెము పోయగానే మరల కోలుకొనెను. ఆ మట్టినీటిలోని ప్రాణి యేదో వేరుబుడిపెలలో చేరి గాలినుండి నత్రజనిని తెచ్చుచున్నదని ఆయన 1886లో ప్రకటించెను. రెండేండ్లకే హాలెండు దేశస్థుడగు బైయెరింక్ ఆ ప్రాణిని విడదీసి పెంచెను. దానికి తరువాత రైజోబియమను పేరు వచ్చినది.

మీరు వేరుసెనగ మొక్కను పెరికినప్పుడు వేళ్లకు ఆవగింజలవంటి బుడిపెలు కనబడును గదా. గోటితో చీల్చి చూచినచో లోపల గులాబి వర్ణముండును. అది మన రక్తపు రంగుకు చుట్టమైన పదార్థము. ఆ బుడిపెలో జరుగు పనికి ఆమ్లజని పరమశత్రువు. అయినను పని చేయు ప్రాణికి ఊపిరి కావలెను. ఈ చిక్కును తీర్చుటకే మొక్క ఆ ఎఱ్ఱని పదార్థమును తయారుచేసి, ఆమ్లజనిని కొలిచి కొలిచి అందించును. అట్లు ఇల్లు కట్టించి, కాపలా పెట్టించి, ఆకులలో వండిన చక్కెరను పంపి పోషించుటచేతనే మినుము, పెసర, కంది, వేరుసెనగలు తమ నత్రజనిలో పెద్దభాగమును గాలినుండి తెచ్చుకొనగలుగుచున్నవి. మొక్కజొన్నకు ఇల్లు కట్టు విద్య రాదు. దాని వేళ్లమీద బుడిపెలు లేవు. పొట్లముల వ్యాపారులు దాటవేయు సంగతి ఇదియే. వేరుసెనగలో రైజోబియము చేసినంత పనిని మొక్కజొన్నలో ఏ సూక్ష్మజీవియు చేయదు. అట్లు చేయునని ఎవరైన చెప్పినచో ఆ సంచిని అచ్చటనే వదలిరండు.

అయితే మొక్కజొన్నకు చుట్టములే లేరా? ఉన్నారు. బైయెరింక్ పండితుడే 1901లో అజోటోబాక్టరును కనుగొనెను. అది నేలలో స్వేచ్ఛగా బ్రతుకుచు తనకు కావలసిన నత్రజనిని తానే సంపాదించుకొనును. మరియొకటి అజోస్పిరిల్లము. దాని కథ కొంత విస్తరించి చెప్పదగినది. జొహానా డోబెరైనరు అను ఆమె 1924లో చెకోస్లొవేకియా దేశమున జన్మించి, రెండవ ప్రపంచ యుద్ధానంతరము బ్రెజిలు దేశమునకు వలసవచ్చి, రియో నగరమునకు చేరువనున్న సెరొపెడికా అను పల్లెటి పరిశోధనశాలలో ఉద్యోగములో చేరెను. గడ్డిజాతుల వేళ్లను ఆశ్రయించియున్న సూక్ష్మజీవులను వెదకుట ఆమె పని. నత్రజని లేని పలుచని జావవంటి ద్రవమును సీసాలో పోసి, అందులో వేరుముక్కను వేసి ఉంచగా, పైభాగముననూ కాక, అడుగుననూ కాక, ఉపరితలమునకు కొంచెము దిగువను తెల్లని పొర యొకటి కట్టెను. ఊపిరికి కొంచెము ఆమ్లజని కావలెను, ఎక్కువైనచో పని చెడును. అందుచేత ఆ ప్రాణి తనకు సరిపడు లోతును తానే వెదకుకొని అచ్చట నిలిచినది. ఈ సులువైన ఉపాయముచే దానిని ఏ దేశపు గడ్డివేరునుండియైనను పట్టుకొనగలిగిరి. 1978లో దానికి అజోస్పిరిల్లమను పేరు స్థిరపడెను. ఒక జాతికి బ్రెజిలు పేరే పెట్టిరి.

అప్పుడు లోకమంతట గొప్ప ఆశలు పుట్టినవి. ఇక మొక్కజొన్నకును గోధుమకును ఎరువే అక్కరలేదని కొందరు తొందరపడిరి. బరువు నత్రజనితో గురుతుపెట్టి శ్రద్ధగా కొలువగా, అజోస్పిరిల్లము గాలినుండి తెచ్చి మొక్కజొన్నకు ఇచ్చునది బహు స్వల్పమని తేలినది. ఆశ్చర్యము! తెచ్చునది స్వల్పమైనను, చాల చోట్ల పంట మాత్రము పెరుగుచునేయున్నది. ఎట్లనగా, ఈ ప్రాణి వేరును అంటియుండి, వేరు పెరుగుదలకు సంబంధించిన ఆక్సినను పదార్థమును స్రవించును. దానిచే పక్కవేళ్లు పుట్టును. నూగువేళ్లు గుబురుగా వచ్చును. వేరు పరచుకొన్న మేర పెరుగును గనుక, నేలలోనుండి జారిపోవుచున్న యూరియాను, నీటిని మొక్క ముందుకంటె ఎక్కువగా అందుకొనును. అనగా ఇది కొత్త ఆదాయము తెచ్చు కొడుకు కాదు. ఉన్న ఆదాయము వృథాపోకుండ చూచు కోడలు. ఆ సాయమును తక్కువగా ఎంచవలదు. మనకు జరుగుచున్న నష్టమంతయు వృథాలోనే యున్నదని ముందే చెప్పితిని.

డోబెరైనరు 2000లో గతించెను. ఆమె అడుగుజాడలలో నడిచిన మరియాంజెలా హుంగ్రియా అను శాస్త్రజ్ఞురాలు బ్రెజిలు ప్రభుత్వపు వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన లొండ్రినా కేంద్రములో పనిచేయుచు, అజోస్పిరిల్లపు అనేక వంగడములను పరీక్షించి మంచివానిని ఏరి రైతులకు అందజేసెను. 2010లో ప్రచురితమైన ఆమె ప్రయోగములలో, కొద్దిపాటి నత్రజనితో పెంచిన మొక్కజొన్న, సూక్ష్మజీవి పట్టించనిదానికంటె నూటికి 24 మొదలు 30 వంతులు అధికముగా పండెను. ఇది మంచి నేలలో, మంచి చేతులలో వచ్చిన లెక్క. పిమ్మట బ్రెజిలు దేశపు ప్రయోగములనన్నింటిని కలిపి సగటు తీయగా, పెరుగుదల నూటికి అయిదారు వంతులుగా తేలినది. నత్రజని తక్కువగా వేసిన చోట్ల ఫలితము మెరుగుగా నుండెను. సూక్ష్మజీవిని పట్టించినయెడల పైపాటుగా వేయు నత్రజనిలో నాలుగవ వంతు తగ్గించినను పంట నిలుచునని హుంగ్రియా బృందము నిర్ణయించినది. 2025లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమానము లభించెను.

ఇప్పుడు మన లెక్కకు వత్తము. మొత్తము 80 కిలోలలో మూడవ వంతు విత్తునాడు పోయినదనుకొందము. మిగిలిన 53 కిలోలు పైపాటు. అందులో నాలుగవ వంతనగా 13 కిలోల నత్రజని, యూరియాలో చెప్పినచో 29 కిలోలు. కాబట్టి పొట్లము బలముతోనే పూర్తి బస్తా తగ్గునని చెప్పుట అతిశయోక్తి. బస్తాలో మూడింట రెండు వంతులు తగ్గవచ్చుననుట న్యాయమైన మాట. మరియొక జాగ్రత్త: బ్రెజిలు రైతు సాధారణముగా వేయు మోతాదు మన రబీ మోతాదు కంటె తక్కువ. నేలలో తేరగా నత్రజని దొరకునప్పుడు ఈ ప్రాణులు గాలి జోలికి పోవు. తిండి ఇంటికే వచ్చుచుండగా ఎవరు మాత్రము కూలికి పోవుదురు?

ఆ సోమరితనమును మాన్పవలెనని అమెరికా దేశమున కొందరు శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవి యొక్క అనువంశిక లిపిలోనే మార్పు చేసి, ఎరువున్నను లేకున్నను అది పనిచేయునట్లు తీర్చిరి. అట్టి సరుకు అచ్చటి మొక్కజొన్న రైతులకు 2019 నుండి అమ్మకమునకు వచ్చినది. ఆలోచన గొప్పది, నేను దానిని చులకన చేయను. అయితే ఆ దేశపు మధ్య రాష్ట్రముల విశ్వవిద్యాలయములు పదింటిలో, అంగడిలో దొరకు ఇట్టి పలురకముల సరుకులను 61 ప్రయోగములలో పరీక్షించి 2023లో ఫలితములు వెల్లడించినవి. అందులో రెండింట మాత్రమే పంట పెరిగినది. అచ్చటి నేలలు మన నేలలకంటె సేంద్రియపదార్థము ఎక్కువ గలవి, ఎరువును పుష్కలముగా ఎరిగినవి. అట్టి నేలలో కొత్త సాయమునకు చోటు తక్కువ. ఆ ఫలితము మన నేలకు అట్లే వర్తించునని చెప్పజాలము. కాని ధర చెల్లించువాడు స్వతంత్రముగా చేసిన పరీక్షను అడుగవలెనన్న బుద్ధిని మాత్రము అది మనకు నేర్పుచున్నది.

మెక్సికో దేశపు మాట ఒకటి చెప్పక ముందుకు సాగలేను. ఆ దేశమున ఓహాకా రాష్ట్రములో మిహే అను కొండజాతివారు పెంచు మొక్కజొన్న రకమొకటి కలదు. రెండు నిలువుల ఎత్తునకు మించి పెరుగును. దాని కాండముమీద నేలకు చాల ఎత్తున, ఒక్కొక్క కణుపునకు చుట్టును గాలివేళ్లు పుట్టి, వానలకాలములో వానినుండి చిక్కని జిగురు బొట్లుబొట్లుగా కారును. జిగురులో చక్కెర యున్నది. చక్కెరను తినుచు సూక్ష్మజీవులున్నవి. అవి గాలిలోని నత్రజనిని తెచ్చి మొక్కకు ఇచ్చును. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారము ఆ మొక్క తన నత్రజనిలో నూటికి 29 మొదలు 82 పాళ్లవరకు గాలినుండి పొందుచున్నది. ఆ కొండలలో ఎరువు కొనలేని పేదలు తరతరములుగా మంచి కంకిని ఏరి దాచి విత్తుచు వచ్చుటచే ఈ గుణము నిలిచినది. దానివలన ముందుముందు లాభము కలిగినచో ఆ ఊరివారికి పాలు దక్కునట్లు ఒడంబడిక కూడ వ్రాసికొనిరి. ఆ రకము పండుటకు చాల నెలలు పట్టును గనుక మన కాలములకు సరిపడదు. దాని గాలివేళ్లను తక్కువ కాలపు రకములకు తెచ్చు ప్రయత్నము జరుగుచున్నది. అది చేతికందువరకు మనకు దిక్కు పొట్లములే.

ఆ పొట్లము మాటకు వత్తము. మనదేశమున జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తరువు క్రిందికి తెచ్చిరి. దాని ప్రకారము పొడి రూపమున అమ్ము అజోస్పిరిల్లము లేక అజోటోబాక్టరులో గ్రామునకు 5 కోట్ల సజీవకణములును, ద్రవరూపమునందు మిల్లీలీటరునకు 10 కోట్లును ఉండవలెను. సజీవమన్న మాటను గురుతుంచుకొనుడు. యూరియా బస్తా రెండేండ్లు మూలపడియున్నను, తేమ తగులనంతవరకు, అది యూరియాయే. ఈ పొట్లము అట్లు కాదు. ఇది కోడిపిల్లల గంప వంటిది. రేకులకప్పు క్రింద, పురుగుమందు సీసాల నడుమ వేసవి యంతయు ఉడికిన పొట్లములో మిగులునది నల్లని పొడి మాత్రమే. కాబట్టి కొనునప్పుడు సూక్ష్మజీవి పేరు, ఏ పైరునకు పనికివచ్చునో ఆ పేరు, తయారైన తేదీ, గడువు తేదీ చదివి చూడవలెను. ఈ నాలుగింటిలో ఏది లేకున్నను, అంగడివాడు ఎంత దగ్గరి చుట్టమైనను, తీసికొనరాదు. విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానములు, ప్రభుత్వ ప్రయోగశాలలు తయారుచేసినది దొరకినచో మేలు. వ్యవసాయాధికారికి చెప్పి, ఊరి రైతులందరికి కావలసినదానిని విత్తుటకు కొలదిదినములు ముందుగా ఒక్కసారే తెప్పించి చల్లని చోట ఉంచుట పెద్దలు చేయించదగిన పని.

ఎకరమునకు కావలసిన విత్తనము 8 కిలోలు. దానికి 200 గ్రాముల పొట్లము చాలును. చల్లార్చిన గంజిలో గాని, పలుచని బెల్లపు నీటిలో గాని పొడిని కలిపి, గింజలకు పలుచగా పట్టించి, నీడను అరగంట ఆరబెట్టి వెంటనే విత్తవలెను. చెప్పుటకు ఇది సులభమే. కాని నేడు సంచిలో వచ్చు సంకర విత్తనమునకు ఎఱ్ఱగనో నీలముగనో రంగు పూసియుండుట మీరు చూచియేయున్నారు. తెగుళ్లను, పురుగులను చంపు మందు అది. దానిపై ఈ ప్రాణులను పట్టించుట నిప్పులమీద విత్తనము చల్లుటయే. అట్టి విత్తనమైనచో రెండు కిలోల పొడిని 50 మొదలు 100 కిలోల వరకు బాగుగా చివికిన పశువుల ఎరువులో కలిపి, కొంచెము నీరు చిలకరించి, ఎండ తగ్గిన పిమ్మట తడి గల సాలులో వేయుట మంచిది. రసాయనపు ఎరువుతో కలిపి ఒకే చేతితో చల్లరాదు. మాగాణి మొక్కజొన్నవంటి తడినేలలకు అజోస్పిరిల్లము, మెట్టయందు పశువుల ఎరువు ఎరిగిన నేలలకు అజోటోబాక్టరు అనువైనవి.

చేర్చిన ప్రాణికి మేత కూడ కావలెను. వేరునుండి ఊరు చక్కెరయు, మట్టిలో చివుకు ఆకు అలములును దాని మేత. మట్టిపరీక్ష చీటీలో సేంద్రియ కర్బనము అర శాతమునకు తక్కువయని వ్రాసియున్నచో ఆ నేల బీదనేలయని యర్థము; మన పొలములలో అట్టివి కొల్లలు. అట్లుండగా కోత అయిన పొలములో చొప్పకు నిప్పు పెట్టుట ఏమి పనియో నాకు బోధపడదు. ఆ మంటలో పైమట్టి ప్రాణులు మాడుటయే గాక, చొప్పలోని నత్రజని పొగగా పోవును. చొప్పను ముక్కలు చేసి నేలలో కలిపినచో చివుకునప్పుడు కొన్నాళ్లు అది నేలలోని నత్రజనిని తానే పట్టియుంచుకొనును గనుక, విత్తుటకు చాలినంత ముందుగా ఆ పని ముగించవలెను. ఇంతకును, మొక్కజొన్నకు నత్రజని పెట్టుటలో నేను ఎక్కువగా నమ్మునది పొట్లము కంటె పాతపద్ధతినే. మొక్కజొన్నకు ముందు పెసరయో, మినుమో వేసి కాయ కోసికొని చెట్టును నేలలో దున్నుట. నీటి వసతి యున్నచో జనుము, జీలుగ వేసి పూతకు రాగానే కలియదున్నుట. ఇవి బుడిపెల బలముతో నత్రజనిని తెచ్చును, సూక్ష్మజీవులకు మేతయు పెట్టును. పొట్లము తగ్గించు 29 కిలోలకు ఇది తోడైనప్పుడు నాలుగవ బస్తా పూర్తిగా తప్పుటకు ఆధారమున్నది.

ఇవన్నియు మీ నేలలో నిజమో కాదో మీరే చూచుకొనవలెను. దానికి ఒకే పొలములో, ఒకే విత్తనముతో, ఒకేనాడు నాటిన మూడు సమమైన మళ్లు చాలును. మొదటిదానికి మామూలు మోతాదు యూరియా వేయుడు. రెండవదానికి సూక్ష్మజీవిని పట్టించి, పైపాటు యూరియాలో నాలుగవ వంతు తగ్గించుడు. మూడవదానికి యూరియా అంతే తగ్గించి, సూక్ష్మజీవిని మాత్రము పట్టించకుడు. ఈ మూడవ మడిని చాలమంది వదలివేయుదురు. వదలినచో పరీక్ష పరీక్షయే కాదు. ఏలయన మూడు మళ్లును సమముగా పండినచో, పొట్లము గొప్ప ఏమియు లేదు. మీరు ఇన్నాళ్లును అవసరమునకు మించి యూరియా వేయుచున్నారని తేలును, అదియు లాభమైన జ్ఞానమే. మూడవది తగ్గి, రెండవది మొదటిదానితో సమముగా నిలిచినచో సూక్ష్మజీవి పనిచేసినది. రెండవది, మూడవది రెండును ఒకే తీరున తగ్గినచో పొట్లము చచ్చినదైనను కావలెను, మీ నేలకు సరిపడనిదైనను కావలెను. అట్టి సంవత్సరము ఊరివారినెవ్వరిని దానిని కొననీయకుడు.

అంచు వరుసలను విడిచి, నడిమి వరుసల కంకులనే కోసి, మూడింటిని ఒకే తీరున ఎండబెట్టి, ఒల్చిన గింజను తూచుడు. ఒక్క యేటి వానను నమ్మరాదు గనుక మూడేండ్లు వరుసగా చేసి, తూకములను పంచాయతీ పుస్తకములో వ్రాయించుడు. ప్రక్కనే పొట్లము కొన్న తేదీని, దానిపై నున్న గడువు తేదీని కూడ వ్రాయించుడు.